బ్లోయర్ పట్టే ముందు మీటర్ పట్టు: వేడెక్కి ఆగిపోయిన ఫోన్ బోర్డు గురించి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిచెయ్యి.

కొత్తగా షాపు పెట్టావు. ఒకావిడ రెండున్నరేళ్ల పాత స్నాప్‌డ్రాగన్ (క్వాల్‌కమ్ సీపీయూ ఉన్న) సెట్ తెచ్చారు. రాత్రి పరుపు మీద చార్జింగ్‌లో ఉండగా పిల్లాడు వీడియోలు చూస్తుంటే, చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయింది. చార్జర్ పెడితే గుర్తు కూడా రావడం లేదు. మొదట వెళ్లిన షాపులో బ్లోయర్‌తో, అంటే సోల్డర్ కరిగించే వేడిగాలి గన్‌తో, వేడి చేస్తే పది నిమిషాలు ఆన్ అయి మళ్లీ పోయింది. 'సీపీయూ పోయింది, బోర్డు మార్చాలి' అని పంపేశారు. నీ దగ్గర బ్యాటరీకి బదులు కరెంటు ఇచ్చే డీసీ సప్లైకి తగిలిస్తే బటన్ నొక్కకుండానే 280 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది, బోర్డు వెచ్చబడుతోంది. ఫోన్‌లో ఆవిడ నాన్నగారి చివరి రోజుల ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. పవర్ ఐసీ (బోర్డులో ఒక్కో భాగానికి కావాల్సిన వోల్టేజ్ పుట్టించే చిప్పు) మార్చాలా, సీపీయూ రీబాల్ చెయ్యాలా (తీసి కింద కొత్త సోల్డర్ బంతులు వెయ్యాలా) అని అడిగావు.

రెండూ వద్దు. కనీసం ఇవాళ వద్దు. బోర్డు నీకు సగం జవాబు ఆ 280 అన్న అంకెలోనే చెప్పేసింది.

బటన్ నొక్కని ఫోన్ నిద్రలో ఉన్నట్టు. డీసీ తగిలించగానే మీటర్ ఒక్క క్షణం కదిలి, మళ్లీ సున్నాకో దాని దగ్గరకో వచ్చెయ్యాలి. నీ బోర్డు 280 దగ్గర నిలబడిపోయింది. అంటే ఎప్పుడూ కరెంటు ఉండే లైన్ల మీద ఎక్కడో కారిపోతోంది. ఆ లైన్లు రెండే: ఒకటి బ్యాటరీ కనెక్టర్ నుంచి వచ్చేది, రెండోది దాని తర్వాత బోర్డంతా తిరిగే మెయిన్ లైన్. స్నాప్‌డ్రాగన్ స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ పటంలో, దాన్ని వీపీహెచ్ పవర్ అని రాస్తారు. సీపీయూకి వెళ్లే కోర్ లైన్లు బటన్ నొక్కాకే, పవర్ ఐసీ వాటిని పుట్టించాకే లేస్తాయి. ఇంకా కరెంటే అందని సీపీయూ మీద ఈ 280ని ఎలా మోపుతాం? మొదటి షాపు వాళ్లు ఈ ఒక్క రీడింగ్ చూసి ఉంటే ఆ మాట అనేవాళ్లు కాదు.

చిన్న లెక్క వెయ్యి. 4 వోల్టులు, 0.28 ఆంపియర్లు. గుణిస్తే ఒక వాట్ దాటింది. భాగిస్తే 14 ఓములు చిల్లర. పూర్తి షార్ట్ అయితే ఇంత ఉండదు, సున్నాకి దగ్గరగా వస్తుంది. దీన్నే మనం హాఫ్ షార్ట్ అంటాం. ఆవగింజంత భాగంలో ఒక వాట్ కాలుతుంటే బోర్డు వెచ్చబడదా మరి. ఇంకో లెక్క కూడా ఉంది. ఆ సెట్ బ్యాటరీ 4500 మిల్లీ ఆంపియర్ అవర్ అనుకుంటే, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా ఈ లీకు ఒక్కటే 16 గంటల్లో దాన్ని ఖాళీ చేస్తుంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం వస్తోంది. ఈ మాత్రం లీకుతో చాలా సెట్లు ఆన్ కూడా అవుతాయి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినప్పుడు చార్జింగ్ ఐసీ వెంటనే గట్టిగా చార్జ్ చెయ్యదు, భద్రత కోసం మొదట కొద్దికొద్దిగా ఎక్కిస్తుంది. ఆ కొంచెం కాస్తా లీకు తాగేస్తే బ్యాటరీ ఎప్పటికీ లేవదు. గంటల తరబడి చార్జర్ పెట్టినా స్క్రీన్ మీద ఏమీ రాదు. చూసేవాళ్లకు అది డెడ్ సెట్. నీ కేసు ఇదేనని తేల్చి చెప్పడం లేదు. కానీ ఆ షాపులో బ్లోయర్‌తో పాటు బ్యాటరీకి బూస్ట్ కూడా (బయటి నుంచి నేరుగా కాసేపు చార్జ్) పెట్టారేమో ఆవిడను అడుగు. పెట్టి ఉంటే ఆ పది నిమిషాల ప్రాణం బ్లోయర్ వల్ల వచ్చింది కాదు, బూస్ట్ వల్ల వచ్చింది. ఇంకో ప్రశ్న కూడా అడుగు: పాడవడానికి ముందు కొన్ని రోజులుగా ఫోన్ వాడకపోయినా జేబులో, బ్యాగులో వెచ్చగా ఉండేదా, చార్జింగ్ తొందరగా దిగిపోయేదా? అవునంటే ఈ లీకు ఆ రాత్రి పుట్టింది కాదు. ఎప్పటినుంచో ఉంది. పరుపు మీద చార్జింగ్, వీడియోలు, గాలి ఆడకపోవడం దాన్ని చివరికి నెట్టాయి.

కస్టమర్‌ని ఇలా అడగడానికి చాలామంది మొహమాటపడతారు. డాక్టర్ రోగిని అడగకుండా మందు రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కింద పడిందా, తడిసిందా, ఏ చార్జర్, ఎప్పటినుంచి వేడి, ఇంకెవరు తెరిచారు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు బోర్డు తీసే ముందే నా నోటుబుక్కులో ఉంటాయి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన మొదటి పని. బ్యాటరీ పక్కన పెట్టి డీసీ 4 వోల్టుల దగ్గర ఉంచు, కరెంట్ లిమిట్ 2 ఆంపియర్లు పెట్టు. లిమిట్ మరీ తక్కువ పెడితే ఫోన్ లేవబోయే క్షణంలో వోల్టేజ్ పడిపోయి, మంచి బోర్డు కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. కొన్ని మోడళ్లు బ్యాటరీ కనెక్టర్‌లో ప్లస్, మైనస్ మాత్రమే ఇస్తే లేవవు, ఉష్ణోగ్రత చెప్పే పిన్ను కూడా కావాలి. అలాంటప్పుడు అదే మోడల్ పాత బ్యాటరీ నుంచి తీసిన చిన్న బీఎంఎస్ పట్టీ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ద్వారా ఇవ్వు. డిస్‌ప్లే తగిలించి బటన్ నొక్కి అంకె చూడు.

280 నుంచి గబగబా పైకి వెళ్లి, ఎక్కుతూ దిగుతూ నాట్యం చేస్తే ఫోన్ బూట్ అవుతున్నట్టే. బోర్డుకు ప్రాణం ఉంది. 280 మీద ఇంకో యాభై అరవై పెరిగి అక్కడే గడ్డకట్టినట్టు ఆగిపోతే, పవర్ ఐసీ మేల్కొంది కానీ ఏదో ఒక లైను లేవడం లేదు, లేదా సీపీయూ పలకడం లేదు. ఒక్కసారి అరఆంపియర్ దాటి వెంటనే వెనక్కి పడిపోతే, లోపలి లైనేదో షార్ట్‌లో ఉంది, పవర్ ఐసీ తనను తాను కాపాడుకోవడానికి మూసేసింది. అసలు 280 నుంచి కదలకపోతే బటన్ లైను, పవర్ ఐసీకి అందాల్సిన కరెంటు చూడాలి. ఈ అంకెలు మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి, అదే మోడల్ మంచి బోర్డు ఎప్పుడు చేతికొచ్చినా దాని రీడింగులు రాసిపెట్టుకో. నా దగ్గర అలాంటి నోటుబుక్కులు నాలుగున్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ కన్నా అవే నాకు ఎక్కువ అన్నం పెట్టాయి.

బూట్ అయితే ఏం చెయ్యాలో ముందే అనుకో: రిపేరు ఆపు. ఆవిడను షాపుకి పిలిచి, ఆవిడ చేతే లాక్ తీయించి, డీసీ మీదే నడుపుతూ ఫొటోలు, చాట్లు కాపీ చేసెయ్యి. చిన్న ఫ్యాను పెట్టి బోర్డు మీదకు గాలి తోలు. పాస్‌వర్డ్ నువ్వు రాసిపెట్టుకోవద్దు, ఫొటోలు తెరిచి చూడొద్దు. డేటా బయటికొచ్చాక అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టు. ఆ తర్వాత బోర్డు పోయినా ఆవిడకు పోయేది డబ్బే.

బూట్ కాకపోతే లీకు వెతకాలి. ఎలాగూ వెతకాల్సిందే.

మీటర్‌ని డయోడ్ మోడ్‌లో (చిన్న కరెంటు పంపి అక్కడ ఎన్ని వోల్టులు నిలుస్తాయో చూపే మోడ్) పెట్టి ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్ల ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద పెట్టు. తర్వాత మెయిన్ లైను కెపాసిటర్ల మీద పెట్టి చూడు. మంచి బోర్డులో ఇది మామూలుగా 0.3 నుంచి 0.5 వోల్టుల మధ్య ఉంటుంది. సున్నా అయితే పూర్తి షార్ట్. హాఫ్ షార్ట్‌లో బాగా తక్కువ చూపించొచ్చు, లేదా మామూలుగానే చూపించి నిన్ను మోసం చెయ్యొచ్చు. ఎందుకంటే మీటర్ ఇచ్చే చిన్న వోల్టేజ్‌కి బయటపడని లీకులు 4 వోల్టులు ఇచ్చినప్పుడే బయటపడతాయి. కాబట్టి డయోడ్ రీడింగ్ బాగుందని 280ని మర్చిపోవద్దు.

ఇదే చోట కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. సీపీయూ చుట్టూ ఉన్న కెపాసిటర్ల మీద ప్రోబ్ పెడితే మీటర్ బీప్ కొడుతుంది. వెంటనే 'సీపీయూ షార్ట్' అనేస్తారు. సీపీయూ కోర్ లైన్ల నిరోధం పుట్టుకతోనే చాలా తక్కువ, మంచి బోర్డులో కూడా అలాగే ఉంటుంది. ఆ బీప్ నమ్మి ఎన్ని మంచి సీపీయూలు పీకేశారో తలుచుకుంటే బాధేస్తుంది. బీప్ వినకు, అంకె చూడు, మంచి బోర్డు అంకెతో పోల్చు.

వేడెక్కే భాగాన్ని పట్టుకోవడానికి థర్మల్ కెమెరా ఉంటే సుఖం. లేకపోయినా పనాగదు. రోజిన్ (సోల్డరింగ్‌కి వాడే చెట్టు బంక) ముక్కను సోల్డరింగ్ ఐరన్ మొనతో కరిగించి, ఆ పొగ బోర్డు మీద సన్నటి తెల్లని పొరలా పడేలా పట్టు. శీతాకాలం పొద్దున్న అద్దం మీద మంచు పట్టినట్టు ఉంటుంది. తర్వాత డీసీ ఇవ్వు. ఎక్కడ పొర కరిగి నల్లగా మెరుస్తుందో అక్కడే దొంగ. 280 మిల్లీ ఆంపియర్లకి ఇది బాగానే పనిచేస్తుంది. షీల్డ్ (ఐసీల మీద ఉండే రేకు మూత) కింద ఉంటే నేరుగా కనబడదు, ముందు ఏ షీల్డ్ వేడెక్కుతోందో చూసి దాన్నే తెరువు. అన్నీ ఒకేసారి పీకెయ్యకు. షీల్డ్ తియ్యడానికి పెట్టే వేడి కూడా బోర్డుకి భారమే.

పూర్తి షార్ట్ అయితే పద్ధతి కొంచెం వేరు. నిరోధం సున్నా కాబట్టి వోల్టేజ్ నిలబడదు, కరెంటే పని చెయ్యాలి. ఒక వోల్టు లోపే మొదలుపెట్టి, కరెంట్ లిమిట్‌ని ఒకటి, రెండు, మూడు ఆంపియర్లకు మెల్లగా పెంచు. ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ దాటకు: ఏ లైనులోకి కరెంటు ఎక్కిస్తున్నావో ఆ లైను మామూలుగా పనిచేసే వోల్టేజ్ కన్నా ఎక్కువ సెట్ చెయ్యొద్దు. షార్ట్ ఉన్నంతసేపు మీటర్ 0.2 వోల్టులే చూపిస్తుంది కాబట్టి, పైన 4 సెట్ చేసి ఉన్నా ఏం కాదులే అనిపిస్తుంది. కానీ షార్టయిన కెపాసిటర్ కాలి తెగిపోయిన మరుక్షణం ఆ 4 వోల్టులు లైను మీదకు దూకుతాయి. ఒక వోల్టు కూడా అక్కర్లేని సీపీయూ లైను మీద అది జరిగితే సీపీయూతో పాటు డేటా కూడా అక్కడితో సరి.

వేడెక్కేది కెపాసిటర్ అయితే అదృష్టమే. ఫోన్ బోర్డు మీద ఉండే ఈ చిన్న సిరామిక్ కెపాసిటర్లు పొరలు పొరలుగా ఉంటాయి. ఫోన్ కింద పడ్డా, ప్యాంటు వెనక జేబులో ఒంగినా లోపల సన్నగా చీలుతాయి. కొన్నాళ్లకు ఆ చీలికలోకి తేమ చేరి లీకు మొదలవుతుంది. మెయిన్ లైను మీద అలాంటివి పదుల్లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకటి తీసేసినా ఫోన్ నడుస్తుంది. తీశాక డీసీ మళ్లీ పెట్టు. 280 పోయి సున్నా వస్తే ఆ కెపాసిటరే. అదే విలువది డోనర్ బోర్డు (విడిభాగాల కోసం ఉంచుకునే పాత బోర్డు) నుంచి తీసి వెయ్యి. కొందరు ఖాళీగా వదిలేస్తారు, నాకది నచ్చదు.

ఐసీ వేడెక్కితే మాత్రం తొందరపడకు. వేడెక్కిన ఐసీ తప్పు చేసిందే కావాలని లేదు. పక్కవాడి బరువు మోస్తూ కూడా వేడెక్కుతుంది.

ఇది నాకు బాగా నేర్పిన సెట్ ఒకటుంది. మే నెలలో ఒక డెలివరీ కుర్రాడు తెచ్చాడు. రోజంతా బండి హ్యాండిల్‌కి తగిలించి, ఎండలో, బండి నుంచే చార్జింగ్ పెడుతూ, మ్యాప్ ఆన్‌లో ఉంచి తిరిగేవాడు. మన దగ్గర మే ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు మామూలే. లిథియం బ్యాటరీలను చార్జ్ చెయ్యడానికి మామూలుగా పెట్టే పైహద్దు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది, 45 డిగ్రీలు. గాలే అంత ఉంటే ఎండలో నల్లటి ఫోన్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకో. అప్పటికే రెండు షాపులు తిరిగాడు. ఒకరు పవర్ ఐసీ మార్చారు, ఇంకొకరు సీపీయూ రీబాల్ చెయ్యాలన్నారు. డీసీకి పెడితే బటన్ నొక్కకుండా ఒక ఆంపియర్ పైన లాగింది. రోజిన్ పొర పవర్ ఐసీ మీద చెక్కుచెదరలేదు. యాంటెన్నా వైపున్న షీల్డ్ తెరిచి మళ్లీ పొర పడితే, నెట్‌వర్క్ పవర్ యాంప్లిఫైయర్ (పీఏ) ఐసీ మీద వెంటనే కరిగింది.

ఇందులో వింత లేదు. ఆ పీఏ ఐసీ టవర్‌కి సిగ్నల్ పంపడానికి గట్టిగా కరెంటు తాగుతుంది, మెయిన్ లైను నుంచే నేరుగా తీసుకుంటుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఇంకా గట్టిగా అరవాలి, ఇంకా వేడెక్కుతుంది. స్పీకర్ యాంప్లిఫైయర్, కెమెరా ఫ్లాష్ డ్రైవర్, డిస్‌ప్లేకి వోల్టేజ్ ఇచ్చే ఐసీ, ఇవి కూడా అలా మెయిన్ లైను మీద ఆధారపడినవే. నా బల్ల మీదకొచ్చే హాఫ్ షార్టుల్లో ఎక్కువ భాగం వీటి దగ్గరే తేలుతుంది. ఆ కుర్రాడి ఫోన్‌లో పీఏ తీసెయ్యగానే లీకు పోయింది, బటన్ నొక్కితే లోగో వచ్చింది. నెట్‌వర్క్ మాత్రం లేదు, ఐసీ లేదు కదా. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో డోనర్ బోర్డు దొరికాక దాని పీఏ వేశాను. అంతకు ముందు ఒకరు అనవసరంగా మార్చిన పవర్ ఐసీకి ఆ కుర్రాడు మూడు వేలు కట్టాడు. అతనికి అది ఎన్ని రోజుల సంపాదనో నాకు తెలుసు.

కాబట్టి నీ బోర్డులో కూడా పొర పీఏ దగ్గర కరిగితే ఆశ్చర్యపోకు. డేటా కోసమైతే పీఏ తీసేసి ఆన్ చేసినా చాలు.

ఒకవేళ పవర్ ఐసీయే వేడెక్కుతోందనుకుందాం. దాని చుట్టూ ఉన్న కాయిల్స్ చూడు. పవర్ ఐసీ పుట్టించే ముఖ్యమైన లైన్లు చాలావరకు కాయిల్స్ గుండానే బయటికి వస్తాయి. ప్రతి కాయిల్ మీద డయోడ్ రీడింగ్ తీసి మంచి బోర్డుతో పోల్చు. తేడా ఉన్న కాయిల్ ఒకటి దొరికితే దాన్ని మెల్లగా లేపు. ఇప్పుడు లైను రెండు ముక్కలైంది. ఐసీ వైపు ప్యాడ్ మీద, అవతలి వైపు ప్యాడ్ మీద విడివిడిగా చూడు. షార్ట్ ఐసీ వైపు ఉంటేనే ఐసీ తప్పు. అవతలి వైపు ఉంటే ఐసీ మార్చినా కొత్తదీ అలాగే వేడెక్కుతుంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. పవర్ ఐసీ మార్చడానికి గంట పడుతుంది, పక్కనున్న సీపీయూకి ముప్పు కూడా.

ఆ ముప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికే ఆ బోర్డు ఒకసారి బ్లోయర్ తిన్నది. ఫ్యాక్టరీలో వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. దాన్ని కరిగించడానికి మనం బ్లోయర్‌ని 350, 380 దగ్గర పెడతాం. సీపీయూ కింద, చాలా మోడళ్లలో పవర్ ఐసీ కింద కూడా, గట్టి జిగురు నింపి ఉంటుంది. పక్క ఐసీకి పెట్టిన వేడి సీపీయూకి పాకితే, కింద సోల్డర్ కరుగుతుంది, జిగురు ఉబ్బుతుంది. జిగురు కదలనివ్వదు కాబట్టి కరిగిన సోల్డర్ పక్క బంతిలోకి చిమ్ముతుంది. చల్లారాక చూస్తే పైన అంతా బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం రెండు బంతులు అతుక్కుని ఉంటాయి. అంతకు ముందు లేని షార్ట్ మన చేతులతో మనం పుట్టించినట్టు. అందుకే ఏ ఐసీ తీసినా ముందు బోర్డు కింద ప్రీహీటర్ వంద డిగ్రీల దాకా పెట్టి, సీపీయూ మీద వేడి లాగే మందపాటి రాగి ముక్క ఉంచి, చుట్టూ వేడికి తట్టుకునే కాప్టాన్ టేపు వేసి, అప్పుడు తక్కువసేపు బ్లోయర్ పెట్టు. జిగురుని 200 డిగ్రీల లోపు మెత్తబరిచి అంచుల నుంచి ముందే గీకెయ్యి.

సీపీయూ కింద నిజంగానే సోల్డర్ చిట్లే సెట్లు ఉంటాయి, కాదనను. సీపీయూ మీద ర్యామ్ ఇంకో అంతస్తులా కూర్చుని ఉంటుంది. వేడెక్కినప్పుడు చిప్పు ఒక రకంగా, బోర్డు ఇంకో రకంగా వ్యాకోచిస్తాయి. వందలసార్లు వేడెక్కి చల్లారితే బంతులు అలసిపోయి చిట్లుతాయి. 2015లో వచ్చిన ఎల్‌జీ జీ4 గుర్తుందా? లోగో దగ్గరే తిరుగుతూ ఆగిపోయేది. విడిభాగాల మధ్య కాంటాక్ట్ వదులు కావడమే కారణమని 2016 జనవరిలో కంపెనీయే ఒప్పుకుంది. అప్పట్లో బోర్డుని వేడి చేస్తే కొన్ని రోజులు నడిచేది, మళ్లీ ఆగిపోయేది. వేడికి చిట్లిన చోట కాసేపు అతుకుతుంది, పాత సోల్డర్ పాతదే కదా. అలాంటి బోర్డుకి సరైన వైద్యం చిప్పు తీసి, పాత సోల్డర్, జిగురు శుభ్రం చేసి, కొత్త బంతులతో మళ్లీ కూర్చోబెట్టడమే. దాని లక్షణాలు కూడా వేరు. బటన్ నొక్కక ముందు లీకు ఉండదు. నొక్కాక ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. సీపీయూ మీద వేలితో మెల్లగా ఒత్తితే ఒక్కోసారి అంకె మారుతుంది, ఒక్కోసారి బూట్ కూడా అవుతుంది. నీ బోర్డు చూపిస్తున్నది ఇది కాదు.

లీకు తీశాక కూడా ఆన్ కాకపోతే ఒకసారి కంప్యూటర్‌కి కలిపి చూడు. స్నాప్‌డ్రాగన్ సెట్ డివైస్ మేనేజర్‌లో క్యూడీలోడర్ 9008 అని కనిపిస్తే సీపీయూ మేల్కొనే ఉంది, స్టోరేజ్ నుంచి తనకు కావాల్సింది చదవలేకపోతోందని అర్థం. మీడియాటెక్ సెట్లయితే ప్రీలోడర్ అని వచ్చి పోతుంటుంది. అది చూసి సంతోషంలో ఫ్లాష్ కొట్టేస్తావేమో (ఫోన్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కిస్తావేమో), అస్సలు వద్దు. ఫైళ్లన్నీ ఫ్లాష్ చేస్తే యూజర్ డేటా తుడిచిపెట్టుకుపోతుంది. ఆవిడకు కావాల్సింది అదే కదా.

డేటా విషయంలో ఇంకో మాట. 'మెమరీ ఐసీ తీసి వేరే బోర్డుకి వేస్తే ఫొటోలు వస్తాయి' అని ఎవరైనా చెబితే నమ్మకు. పాత ఫోన్లలో అది నడిచింది. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాతి వెర్షన్లతో మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం తప్పనిసరి. దాని తాళంచెవి ఆ సీపీయూకి కట్టేసి ఉంటుంది. స్టోరేజ్ ఐసీ నిక్షేపంలా ఉన్నా, దానితో పుట్టిన సీపీయూ లేకపోతే లోపలున్నది అర్థం లేని అంకెల కుప్ప. కొత్త బోర్డు వేస్తే ఫోన్ బతుకుతుంది, నాన్నగారి గొంతు మాత్రం రాదు. అందుకే ఆ సీపీయూని ఆ బోర్డు మీదే, కదపకుండా కాపాడుకోవాలని ఇంతసేపు చెబుతున్నాను. చివరి దారిగా ఆ సీపీయూ, ఆ స్టోరేజ్ రెండూ కలిపి ఇంకో బోర్డుకి మార్చే పద్ధతి ఉంది, కానీ నీ అనుభవానికి అది ఇప్పుడే చెయ్యాల్సిన పని కాదు. ఆ దశ వస్తే బోర్డుని ముట్టుకోకుండా అలాంటివి రోజూ చేసేవాళ్లకు పంపు.

పాత బ్యాటరీ గురించి నువ్వేమీ రాయలేదు. ఉబ్బిందా చూడు. కాస్త ఉబ్బినా మళ్లీ వాడొద్దు, బూస్ట్ పెట్టొద్దు, గుచ్చొద్దు. ఇసుక పోసిన రేకు డబ్బాలో వేసి బయట పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వు. ఉబ్బకపోయినా, అంత వేడి తిని పూర్తిగా దిగిపోయి పడి ఉన్న బ్యాటరీని నేనైతే తిరిగి వెయ్యను. చార్జింగ్ పిన్ను కూడా పరీక్షగా చూడు. లోపల నల్లబడి, కరిగి ఉంటే అక్కడ కూడా వేడి పుట్టింది. ఆవిడ వాడిన చార్జర్, కేబుల్ తెప్పించి మీటర్ పెట్టి చూడు, తప్పు వాటిదైతే రిపేరు చేసిన ఫోన్ నెల తిరక్కుండా మళ్లీ నీ బల్ల మీదకొస్తుంది.

బియ్యంలో పెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి ఇంట్లో చేశారేమో కూడా అడుగు. ఫ్రిజ్‌లో పెట్టి తీసిన ఫోన్ లోపల నీటి చెమ్మ పడుతుంది, అప్పుడు లీకు ఇంకో చోట కూడా ఉండొచ్చు. అలా చేశారంటే ముందు బోర్డుని ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) మెత్తటి బ్రష్ పెట్టి శుభ్రం చేసి, బాగా ఆరాక రీడింగ్ మళ్లీ తియ్యి. తెల్లగా, పచ్చగా తుప్పు కనిపించిన చోటు రాసుకో.

ఆవిడతో ఏం చెప్పాలని కూడా అడిగావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు: 'అమ్మా, సీపీయూ పోయిందని ఇప్పుడే అనలేం. ముందు ఫొటోల కోసం ప్రయత్నిస్తాను, తర్వాత ఫోన్ సంగతి చూద్దాం. కుదరకపోతే బోర్డు మీకు అలాగే తిరిగిస్తాను.' చూసినందుకు ఎంత, డేటా వస్తే ఎంత, ఫోన్ బాగైతే ఎంత అని మూడు అంకెలు ముందే కాగితం మీద రాసివ్వు. గ్యారంటీ అని నోరు జారకు. ఇంతకుముందు ఒక షాపులో బ్లోయర్ పెట్టారని కూడా ఆ కాగితం మీదే రాయి, రేపు ఏదైనా తేడా వస్తే మాట పట్టింపులు ఉండవు.

రేపు పొద్దున్న షాపు తెరవగానే డీసీ మీద బటన్ నొక్కి చూసి ఆ అంకె నాకు రాయి. దానితో పాటు బ్యాటరీ ప్లస్ మీద డయోడ్ రీడింగ్, మెయిన్ లైను కెపాసిటర్ మీద డయోడ్ రీడింగ్, రోజిన్ పొర ఎక్కడ కరిగిందో ఒక ఫొటో, బోర్డు రెండు వైపులా ఇంకో రెండు ఫొటోలు పెట్టు. మోడల్ పేరు కూడా రాయి, ఆ బోర్డు రీడింగులు నా నోటుబుక్కుల్లో ఉన్నాయేమో వెతుకుతాను. అప్పటిదాకా బ్లోయర్ ప్లగ్ తీసి పక్కన పెట్టు.